జడ్జి పరీక్షకు ముందు ఆ మూడేళ్లు

మా అన్న మనవరాలు తిరుపతిలో లా ఆఖరి సంవత్సరం చదువుతోంది. జడ్జి కావాలంటే ఏం చేయాలని అడిగింది. చిత్తూరు జిల్లా కోర్టుల్లో చాలా ఏళ్లు బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. జడ్జిగారి బల్ల కిందుగా కూర్చుని చూసిందే ఆమెకు చెప్పాను.

మా కాలంలో మున్సిఫ్ మేజిస్ట్రేటు అనే పదవే ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి. దానికి మూడేళ్ల వకీలు అనుభవం ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన రోజు నుంచే లెక్క. కాబట్టి పట్టా రాగానే నమోదు చేయించుకోండి. హాజరైన ప్రతి కేసు నంబరూ తేదీ డైరీలో రాయండి. రేపు ధ్రువపత్రం అడిగినప్పుడు అది పనికొస్తుంది.

ఈ మూడేళ్లు దండగని కొందరు పిల్లలు బాధపడుతున్నారు. నేను ఒప్పుకోను. మొదట పెద్ద ఊరు వద్దు. పాకాల, పుత్తూరు లాంటి చోట విచారణ నడిపే సీనియర్‌ దగ్గర చేరండి. చిన్న కోర్టులో ఒకే జడ్జిగారు పొద్దున చెక్కుబందీ (పొలం హద్దుల) తగాదా, మధ్యాహ్నం దొంగతనం కేసు వింటారు. సివిల్, క్రిమినల్ రెండు చట్టాలూ ఒకే గదిలో నేర్చుకోవచ్చు.

పదిన్నరకు కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసులన్నీ పిలవడం, అయ్యాక చాలామంది జూనియర్లు టీకి వెళతారు. మీరు వెళ్లవద్దు. అసలు పాఠం క్రాస్‌లో, అంటే ఎదుటి వకీలు సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ఉంటుంది. ఒకసారి కొత్తగా వచ్చిన జడ్జిగారు తొందరలో ఒక సాక్షి మాటను ఇంగ్లిషులోకి మార్చి, అతను ‘చూశాడు’ అని రాయించారు. వకీళ్లిద్దరూ గమనించలేదు. వాంగ్మూలం చదివి వినిపిస్తుంటే ఆ ముసలాయన చెయ్యెత్తి, “నేను చూడలేదు సామీ, విన్నాను” అన్నాడు. ఆ ఒక్క మాటమీద మామిడి తోట ఎవరిదో తేలాలి. జడ్జిగారు వెంటనే దిద్దించారు. నాకు ఆయనమీద గౌరవం ఆ రోజే పెరిగింది.

అందుకే సాక్షి మాట తెలుగులో ఉన్నదున్నట్టు రాసుకుని, రాత్రికి దాన్ని ఇంగ్లిషులో పెట్టండి. స్క్రీనింగ్ పరీక్ష దాటాక సివిల్, క్రిమినల్ పేపర్లతోపాటు ఇంగ్లిషు పేపరూ ఉంటుంది, అందులో అనువాదం ఉంటుంది. వాదనలు ముగిసిన కేసులో విచారణాంశాలు (తేల్చాల్సిన ప్రశ్నలు) మీరే రాసి, తీర్పు మీరే ఇచ్చి చూడండి. తర్వాత జడ్జిగారి తీర్పుతో పోల్చుకోండి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి ఆ పాత ఇండియన్ పీనల్ కోడ్‌నూ దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితనూ రెంటినీ చదవాలి.

వైవా గట్టెక్కితే శిక్షణ, ఆపైన పోస్టింగు. మొదటి తరగతి మేజిస్ట్రేటుగా మూడేళ్ల వరకు జైలు శిక్ష వేసే అధికారం ఆ చిన్న వయసులోనే చేతికొస్తుంది. తర్వాత సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా జడ్జి. ఏడేళ్ల అనుభవం ఉన్న వకీళ్లు నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాయవచ్చు. బదిలీలు తప్పవు. బంధువుల పెళ్లికి వెళ్లినా ఎవరి పక్కన కూర్చుంటున్నామో చూసుకోవాలి. ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పండి.

అంతా విని మా మనవరాలు, ఇంగ్లిషు మీడియంలో చదివి తెలుగు రాత మరిచిపోయానని దిగులు పడింది. సాయంత్రం రెండు నోటుపుస్తకాలు కొనుక్కొచ్చింది.