బరంపురంలో అమ్మకానికి ఉన్న ఇళ్లను చూపించడం: వేళలు కుదుర్చుకునే పద్ధతి

అమ్మకానికి పెట్టిన ఇంటిని కొనేవారికి చూపించడానికి అరగంట చాలు. ఆ అరగంటకు ఇంటి యజమానిని, ఆ ఇంట్లో అద్దెకున్నవారిని, తాళం దగ్గర పెట్టుకున్న బంధువును, కొనదలచిన కుటుంబాన్ని ఒప్పించి ఒకచోట చేర్చడమే ఏజెంటుకు పెద్ద పని. ఒడిశాలోని బరంపురంలో ఈ పని మరింత చిక్కుగా ఉంటుంది. ఇంటి యజమాని హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, సూరత్‌లోనో ఉంటాడు. కొనేవారు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి ఒక్క పూట సెలవు పెట్టుకుని వస్తారు, లేదా రాయగడ, గుణుపురం వైపు ఉద్యోగం చేసి విరమించి ఇక్కడ స్థిరపడాలనుకుంటారు. ఇంట్లో అద్దెకున్నది ఒడియా కుటుంబం కావచ్చు, తెలుగు కుటుంబం కావచ్చు. ఎవరి సెలవులు వారివి, ఎవరి పండుగలు వారివి.

చాలామంది ఏజెంట్లు కొనేవారు అడిగిన వేళను ముందుగా ఖాయం చేసి, ఆ తరువాత ఇంటివారికి ఫోను చేస్తారు. ఈ వరుస తలకిందులైనది. వేళలు ఇంటి వైపు నుంచే మొదలుకావాలి. ఆ ఇంట్లో రోజూ వండుకుని తిని పడుకునేవారు ఏ వేళలకు ఒప్పుకుంటారో ముందు తేల్చుకుని, ఆ వేళల్లోంచే ఒకటి ఎంచుకోమని కొనేవారిని అడగాలి. ఇలా చేస్తే కొనేవారు చేజారిపోతారని భయపడేవారు ఉన్నారు. నిజంగా కొనాలనుకున్నవాడు శనివారం కాకపోతే ఆదివారం వస్తాడు. విసిగిపోయిన అద్దెవారు మాత్రం, వచ్చినవారు వింటుండగానే గోడ చెమ్మ గురించీ పక్కింటి గొడవల గురించీ చెప్పి, కుదరబోయిన బేరాన్ని చెడగొట్టగలరు.

ఇల్లు అప్పగించిన రోజునే రాసుకోవలసినవి

ఇంటికొక పేజీ చొప్పున ఒక పుస్తకం పెట్టుకోవడం మేలు. తాళాలు ఎన్ని జతలు ఉన్నాయి, ఎవరి దగ్గర ఉన్నాయి, ఇంట్లో మంచం పట్టిన పెద్దవారు గానీ పసిపిల్లలు గానీ ఉన్నారా, పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారా, కుక్క ఉందా, పూజ ఏ వేళకు చేస్తారు, ధర విషయంలో ఆఖరి మాట ఎవరిది అన్నవి ఆ పేజీలోకి ఎక్కాలి. యజమాని ఊళ్లో లేకపోతే ఆయన తరఫున తలుపు తీసేది తోడల్లుడా, పక్కింటివారా అన్నది కూడా అడిగి, ఆ మనిషితో స్వయంగా ఒకసారి మాట్లాడి రావాలి. తాళం దగ్గరుంచుకున్నవారికి ఈ అమ్మకంలో వచ్చేది ఏమీ ఉండదు కాబట్టి, వారి వేళను గౌరవించకపోతే రెండోసారి ఫోను ఎత్తరు.

కాగితాలు కూడా ఈ దశలోనే చూడాలి, ఎందుకంటే అమ్మడానికి వీలులేని ఇంటిని పదిమందికి చూపించడం పదిమంది కాలాన్ని వృథా చేయడమే. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాటు నంబరు పెట్టి హక్కుల పత్రం తీసి, యజమాని చెప్పిన పేరే అందులో ఉందో లేదో సరిచూడాలి. నేల రకం ఘరబారి (ఇంటి స్థలం) అని కాకుండా సాగుభూమి అని ఉంటే, 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద మార్పిడి జరిగిందా అని అడగాలి. అదే చట్టంలోని 22వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు కులాల, తెగలవారి భూమిని ఇతరులు కొనాలంటే రెవెన్యూ అధికారి అనుమతి కావాలి. రాయగడ, కొరాపుట్ వంటి షెడ్యూల్డు ప్రాంతాల్లోనైతే తెగలవారి భూమి ఇతరుల చేతికి వెళ్లకుండా 1956 నాటి రెగ్యులేషను అడ్డుపడుతుంది. ఆంధ్ర వైపు నుంచి వచ్చేవారు తమకు అలవాటైన భూమి రికార్డులు అడంగల్, వన్-బీ అడుగుతారు. ఇక్కడి పత్రం ఒడియా లిపిలో ఉంటుంది. కాబట్టి ఇల్లు చూడటానికి రాకముందే ఆ పత్రాన్ని వారికి పంపి, ఫోనులో చదివి వివరిస్తే, వచ్చిన పూట కాగితాల ప్రశ్నలతో గడిచిపోకుండా ఉంటుంది.

కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటు అయితే పద్ధతి వేరు. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోనైనా, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనైనా కట్టే ప్రాజెక్టును ఆ చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ ఒడిశా రెరాలో నమోదు చేయించాలి, దానిని అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదై ఉండాలి. బిల్డరు నమోదు సంఖ్య చూపించేదాకా ఆ సైటుకు ఎవరినీ తీసుకువెళ్లకపోవడమే క్షేమం.

అద్దెవారితో కుదుర్చుకోవడం

ఇల్లు అమ్ముతున్న సంగతి అద్దెవారికి ఏజెంటు నోటి ద్వారా తెలియకూడదు. యజమాని స్వయంగా ఫోను చేసి చెప్పిన తరువాతే ఏజెంటు ఆ గడప తొక్కాలి. అప్పుడు వారు అడిగే మొదటి ప్రశ్న ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలన్నది, రెండోది తాము కట్టిన అడ్వాన్సు ఎవరు తిరిగి ఇస్తారన్నది. ఈ రెండింటికీ యజమాని దగ్గర ముందే స్పష్టమైన జవాబు తీసుకుని వెళ్లాలి. ఆ జవాబు లేకుండా వేళల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఏ వేళా కుదరదు.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, యజమాని ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని చెబుతుంది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే అయినా, ఆ 24 గంటల లెక్కను ఏజెంటు తన నియమంగా పెట్టుకోవచ్చు. అంతకంటే మంచి పద్ధతి వారానికి రెండు వేళలను స్థిరంగా అడిగి తీసుకోవడం. ఉదాహరణకు బుధవారం సాయంత్రం ఒక గంట, ఆదివారం ఉదయం రెండు గంటలు అని ఒప్పుకుంటే, మిగిలిన ఐదు రోజులూ ఆ కుటుంబం ఎవరో తలుపు తడతారన్న బెంగ లేకుండా ఉంటుంది. వారి సామాను కనబడేలా ఫొటోలు తీయబోమని, వంటింట్లోకీ పూజగదిలోకీ చెప్పకుండా అడుగుపెట్టబోమని, చెప్పులు బయటే విడుస్తామని ముందే మాట ఇవ్వాలి. ఇంట్లో ఆడవారు ఒంటరిగా ఉండే వేళకు కొత్తవారిని తీసుకువెళ్లకూడదు.

ముందురోజు పంపే సందేశం చిన్నదిగా, పూర్తిగా ఉండాలి: "నమస్కారం అమ్మా. రేపు ఆదివారం ఉదయం 10 గంటలకు ఇల్లు చూడటానికి ఇద్దరు వస్తారు, నేను వెంట ఉంటాను. 10:30 కల్లా వెళ్లిపోతాం. వీలు కాకపోతే ఈ రాత్రి లోపు ఒక్క మాట చెప్పండి, మార్చుకుందాం." ఒడియా కుటుంబమైతే ఇదే సంగతిని ఒడియాలో రాసి, చివర ఆజ్ఞా అని చేర్చితే మర్యాదగా ఉంటుంది. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఉదయం మళ్లీ ఫోను చేయాలి.

కొనేవారిని అడగవలసినవి

ఎంత సొమ్ములో చూస్తున్నారు, బ్యాంకు రుణం ఎంతవరకు వస్తుందో కనుక్కున్నారా, తూర్పు లేదా ఉత్తరం ముఖద్వారమే కావాలా, ఇంట్లో ఆఖరి మాట ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలు అడిగితే సగం వృథా ప్రయాణాలు తగ్గిపోతాయి. ముఖద్వారం సంగతి ముఖ్యంగా అడగాలి. దక్షిణం వైపు తలుపున్న ఇంటి ముందు కారు ఆగగానే, లోపలికి కూడా రాకుండా వెనక్కు తిరిగేవారు మన తెలుగువారిలో తక్కువేమీ కాదు. మొదటిసారి ఇద్దరు వస్తే చాలని చెప్పాలి. అత్తమామలు, వాస్తు చూసేవారు, తెలిసిన ఇంజనీరు రెండోసారి రావచ్చు. పదిమంది ఒక్కసారే వస్తే ఇల్లు ఎవరికీ సరిగా కనబడదు.

వేళ చెప్పేటప్పుడు పంచాంగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏజెంటుకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అందరికీ తీరికగా ఉండే ఆదివారం సాయంత్రం సాధారణ లెక్కలో 4:30 నుంచి 6 గంటల వరకు రాహుకాలం. పెద్దలు వెంట వచ్చే కుటుంబానికి ఆ వేళ ఇచ్చి, చివరి నిమిషంలో మార్చమంటే కోపగించుకోవడం కన్నా, ముందే ఉదయం వేళ ఇవ్వడం సులువు. మూఢంలోనూ ఆషాఢంలోనూ ఇల్లు చూడటానికి చాలామందికి అభ్యంతరం ఉండదు, బయానా ఇవ్వడానికే ఆగుతారు. ఆ సంగతి యజమానికి ముందుగా తెలిస్తే ఆలస్యాన్ని అయిష్టంగా తీసుకోడు.

ఒడియా ఇళ్ల పంచాంగం కూడా తెలిసి ఉండాలి. మార్గశిర మాసంలో గురువారాలు లక్ష్మీపూజ రోజులు. తెల్లవారకముందే ఇల్లు అలికి ముగ్గులు పెట్టుకుని పూజలో ఉండే ఇంటికి కొనేవారిని తీసుకువెళ్లకూడదు. జూన్ మధ్యలో వచ్చే రజ పండుగ మూడు రోజులూ ఎవరినీ కదిలించకపోవడమే మంచిది. రెండేళ్లకొకసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో పాత బరంపురం వీధులు సాయంత్రం అయ్యేసరికి వేషాలతోనూ జనంతోనూ నిండిపోతాయి. ఆ వైపు ఇళ్లను ఆ నెలలో ఉదయం పూట మాత్రమే చూపించాలి.

ప్రయాణం, వెలుతురు, వాన

ఒక పూటలో మూడు ఇళ్లకు మించి చూపించకూడదు, ఆ మూడూ ఒకే వైపున ఉండాలి. అంబపువా వైపు ఒకటి, గాంధీనగర్‌లో ఒకటి, గోపాల్‌పూర్ దారిలో ఒకటి పెట్టుకుంటే పూటంతా దారిలోనే గడిచిపోతుంది. ఇంటికి అరగంట, మధ్యలో మరో అరగంట విడిచి రాసుకోవాలి. పాత ఊరి సందుల్లో కారు ఎక్కడ ఆపి ఎంత దూరం నడవాలో ముందే చెప్పాలి. రైలులో వచ్చేవారికి స్టేషనులో దిగే వేళకు గంట తరువాతే మొదటి ఇల్లు పెట్టాలి. నాసిరకం ఇళ్లు రెండు ముందు చూపి, అసలు ఇంటిని చివర చూపించే పాత ఎత్తుగడ ఇప్పుడు పనిచేయదు. చివరి ఇంటికి వచ్చేసరికి వారు అలసిపోయి ఉంటారు. వారు అడిగినదానికి దగ్గరగా ఉన్న ఇంటినే ముందు చూపించాలి.

ఇద్దరు కొనేవారిని ఒకే వేళకు రప్పించి పోటీ పుట్టించే ఏజెంట్లు ఉన్నారు. ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఏదో ఒక వరసన ఒకరికొకరు చుట్టాలే అవుతారు. గేటు దగ్గర ఎదురుపడిన ఇద్దరూ సాయంత్రానికల్లా ఫోనులో మాట్లాడుకుని ఒకరు తప్పుకుంటారు, కొన్నిసార్లు ఇద్దరూ తప్పుకుంటారు. అందుచేత కనీసం ముప్పావుగంట ఎడం ఉండాలి.

మొదటి చూపు పగటి వెలుతురులోనే జరగాలి. నీళ్ల సంగతి ప్రతివారూ అడుగుతారు కాబట్టి, ఆ వీధిలో మునిసిపల్ కొళాయి వచ్చే వేళకు రెండోసారి రప్పిస్తే మాటలతో పని లేకుండా కళ్లతోనే తేలిపోతుంది. వేసవిలో ఉదయం 10 దాటితే మేడ పైకి ఎవరూ ఎక్కరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన నాటి నుంచి, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు విరుచుకుపడిన తరువాత మరీ ఎక్కువగా, ఈ ప్రాంతంలో ఇల్లు కొనేవారు పైకప్పునూ కిటికీ తలుపులనూ పట్టి చూస్తున్నారు. మేడ మెట్ల తాళం కూడా ముందే తెప్పించి ఉంచాలి. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చిందంటే అడగకముందే వేళను వాయిదా వేయాలి. మామూలు వాన అయితే వాయిదా అక్కరలేదు. వాన వెలిసిన పూట వీధిలో నీరు నిలవని ఇంటిని చూపించడం కన్నా మంచి ప్రకటన లేదు.

తాళాలు

అమెరికాలో ఖాళీ ఇంటి తలుపుకు తాళపుచెవి ఉన్న చిన్న పెట్టెను తగిలిస్తారు, ఏజెంటు తన ఫోనుతో దానిని తెరిస్తే ఎవరు ఏ వేళకు తెరిచారో నమోదవుతుంది. 2024 ఆగస్టు 17 నుంచి అక్కడి అతిపెద్ద ఏజెంట్ల సంఘం నియమం ప్రకారం, కొనేవారు ఏజెంటుతో రాతపూర్వక ఒప్పందం చేసుకున్న తరువాతే ఆ ఏజెంటు వెంట ఇల్లు చూడాలి. మనకు ఆ పెట్టె లేదు గాని, ఆ నమోదు అవసరం ఉంది. తాళం ఎవరి దగ్గర తీసుకున్నాం, ఎప్పుడు తిరిగి ఇచ్చాం, ఇల్లు ఎవరు చూశారు అన్నది ఆ ఇంటి పేజీలో తేదీతో రాసి, చూసినవారి సంతకం తీసుకోవాలి. కమీషను దగ్గర పేచీ వచ్చినప్పుడు నిలబడేది ఆ సంతకమే. మరో ఏజెంటు తన మనిషిని తెస్తానంటే వాటా ఎంతో వాట్సాప్‌లో రాతగా తేల్చుకున్న తరువాతే వేళ ఇవ్వాలి. కొనేవారికి తాళం ఇచ్చి మీరే చూసి రండని పంపడం ఎప్పుడూ చేయకూడదు.

ఆ అరగంటలోనూ, ఆ తరువాతా

ఏజెంటు పావుగంట ముందే చేరి కిటికీలు తెరిచి దీపాలు వేయాలి. ఖాళీ ఇల్లయితే ముందురోజే ఊడిపించాలి. ధర మాట ఇంట్లో, అద్దెవారి ముందు ఎత్తకూడదు. యజమాని ఒడియాలో, కొనేవారు తెలుగులో మాట్లాడుకుంటుంటే మధ్యలో ఏజెంటే దుబాసీ అవుతాడు. అప్పుడు కటువుగా అన్నదానిని మెత్తగా చెప్పవచ్చు గాని, అంకెను గానీ షరతును గానీ మార్చి చెప్పకూడదు. చెప్పిన వేళకు రానివారి కోసం పావుగంట చూసి, ముందుగా ఇంటివారికి చెప్పి, ఆ తరువాతే వారికి ఫోను చేయాలి. రెండుసార్లు ఎగ్గొట్టినవారికి మూడోసారి ఖాళీ ఇళ్లే చూపించాలి.

అదే సాయంత్రం చూసినవారిని ఏమి నచ్చలేదో అడిగి, ఆ మాటను వడబోయకుండా యజమానికి చేరవేయాలి. వచ్చినవారంతా వంటిల్లు చీకటిగా ఉందనే అంటుంటే, ఇంకా మనుషులను తేవడం కన్నా గోడకు తెల్ల సున్నం వేయించి మంచి దీపం పెట్టించడం చవక. ఇల్లు నచ్చి అక్కడికక్కడే బయానా ఇస్తామన్నా తీసుకోకుండా, ఈసీ (ఆ ఆస్తిపై తాకట్టులు, లావాదేవీలు తెలిపే ధ్రువపత్రం) తీసి చూసేవరకు ఆగమనాలి. రెరాలో నమోదైన ప్రాజెక్టులోనైతే రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

బయానా కాగితం రాసుకున్న రోజునే, ఇచ్చి ఉన్న మిగిలిన వేళలన్నింటినీ ఫోను చేసి రద్దు చేయాలి, ప్రకటన తీసేయాలి, తాళం జతను ఎవరి దగ్గర తీసుకున్నారో వారి చేతిలోనే పెట్టి పేజీలో రాయించుకోవాలి, ఇకమీదట ఇల్లు చూడటానికి ఎవరూ రారని అద్దెవారికి చెప్పాలి.