అప్‌డేట్ తర్వాత ఫోన్ స్లో అయిందా? రీసెట్ కొట్టే ముందు బ్యాటరీ సంగతి చూడండి

“అప్‌డేట్ చేశాను, అప్పట్నుంచీ ఫోన్ హ్యాంగ్ అవుతోంది” అంటూ ఎవరు ఫోన్ తెచ్చి చేతిలో పెట్టినా నేను ముందు అడిగేది ఒకటే: ఛార్జింగ్ ఎంత ఉన్నప్పుడు హ్యాంగ్ అవుతోంది? దీనికి జవాబు దాదాపు ఎవరి దగ్గరా ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం అప్పటికే ఒకటికి రెండుసార్లు చేసేసి ఉంటారు. బ్యాకప్ తీసుకోకుండా రీసెట్ కొట్టి పిల్లల ఫోటోలన్నీ పోగొట్టుకున్నవాళ్ళు కూడా వచ్చారు, ఫోన్ మాత్రం ఎప్పటిలాగే స్లో. రెండు నిమిషాలు సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ చూసి ఉంటే ఆ ఫోటోలు ఉండేవి. అందుకే ఇది రాస్తున్నాను.

రీస్టార్ట్ చేయడం, యాప్‌లు అప్‌డేట్ చేసుకోవడం మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్ళను.

అప్‌డేట్ అయిన రెండు మూడు రోజులు వేడెక్కడం, ఛార్జింగ్ గబగబా దిగిపోవడం

దీనికి కంగారు పడక్కర్లేదు. కొత్త సిస్టమ్ వచ్చాక ఫోన్ లోపల ఫోటోలన్నీ మళ్ళీ స్కాన్ చేసుకుంటుంది, సెర్చ్ కోసం జాబితా కట్టుకుంటుంది, ఆండ్రాయిడ్ అయితే యాప్‌లను కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు సిద్ధం చేసుకుంటుంది. ఈ పనుల్లో చాలావరకు ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే జరుగుతాయి, కాబట్టి రెండు రాత్రులు వైఫై ఆన్ చేసి ఛార్జింగ్ పెట్టి వదిలేయండి. వారం దాటినా అలాగే ఉంటే అప్పుడు బ్యాటరీ పేజీలో ఏ యాప్ ఎక్కువ తింటోందో చూసి, దాన్ని తీసేసి మళ్ళీ వేసుకోండి.

నిజంగా బగ్గే అయిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ 15 ప్రో కొన్నవాళ్ళు ఫోన్ చెయ్యి కాలుతోందని మొత్తుకుంటే, ఐఓఎస్ 17లో బగ్ ఉందనీ, ఇన్‌స్టాగ్రామ్, ఊబర్ లాంటి కొన్ని యాప్‌లు కూడా ప్రాసెసర్ మీద మోయలేని భారం వేస్తున్నాయనీ ఆపిల్ ఒప్పుకుంది. అక్టోబర్ మొదటి వారంలో 17.0.3 అనే చిన్న అప్‌డేట్ ఇచ్చింది. బగ్‌కు మందు ఇలాగే వస్తుంది. కోడ్‌లో తప్పుంటే మీరు రీసెట్ చేసినా అదే కోడ్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, అందుకని ముందు చిన్న అప్‌డేట్ ఏదైనా వచ్చిందేమో చూసుకోండి.

ఎప్పుడు చూసినా స్లో, ఛార్జింగ్ ఎంతున్నా తేడా లేదు

స్టోరేజ్ చూడండి. 128 జీబీలో 126 నిండిపోయి ఉంటుంది. ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలే సగం ఉంటాయి. ఖాళీ లేకపోతే ఫోన్‌కు రాసుకోవడానికి చోటు దొరకదు, ప్రతి పనికీ వెతుక్కోవాలి. కనీసం పది శాతం ఖాళీ చేసి, రీస్టార్ట్ చేసి చూడండి. ఇంత చిన్న విషయం ఎందుకు చూడరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మధ్యాహ్నం బయటికెళ్తే స్లో, ఇంటికొచ్చాక మామూలే

ఎండ. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది, మన దగ్గర మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 45 కూడా చూస్తాం. బైక్ హ్యాండిల్‌కు హోల్డర్ పెట్టి, మ్యాప్స్ ఆన్ చేసి, పైగా బండి నుంచే ఛార్జింగ్ కూడా పెడితే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గిస్తుంది, స్క్రీన్ మసకగా చేస్తుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది. డెలివరీ చేసే కుర్రాళ్ళ ఫోన్లు ఏడాదికే నీరసపడేది ఇలాగే. ఎండలో ఛార్జింగ్ పెట్టకండి, నీడలో ఆగినప్పుడు పెట్టుకోండి. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది.

ఛార్జింగ్ నిండుగా ఉంటే బాగుంది, సగం దిగాక నత్తనడక

ఇదీ అసలు దొంగ. నేను దెబ్బతిన్నది దీని దగ్గరే, కాబట్టి వివరంగా చెబుతాను.

మా బాబాయి తన ఐఫోన్ తెచ్చి స్పీకర్ సౌండ్ తగ్గిందన్నాడు. జాలీ శుభ్రం చేశాను, తేడా లేదు, స్పీకర్ మార్చాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి, “ఏరా, స్పీకర్ మార్చావు, మళ్ళీ అంతేగా! ఇప్పుడు ఫోటో తీస్తే ఫ్లాష్ కూడా వెలగట్లేదు” అన్నాడు. ఫ్లాష్ స్ట్రిప్ పోయిందేమో అనుకుని ఫోన్ మళ్ళీ విప్పాను. బ్యాటరీ మీద నాకు అనుమానమే రాలేదు, ఎందుకంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ 86 శాతం చూపిస్తోంది, 80 కిందికి పడితేనే మార్చాలని కదా అందరం అనుకునేది. ఆ 86 కింద ఇంకో లైను ఉంటుంది. ఫోన్ ఒకసారి అనుకోకుండా ఆగిపోయింది, బ్యాటరీ కావాల్సినంత పవర్ ఇవ్వలేకపోయింది, అందుకని పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్ (అంటే ఫోన్ స్పీడ్‌కు కళ్ళెం) పెట్టాం అని అందులో స్పష్టంగా రాసి ఉంది. నేను చదవలేదు. బ్యాటరీ మార్చాక సౌండ్, ఫ్లాష్, స్పీడ్ మూడూ ఒకేసారి తిరిగొచ్చాయి.

ఏం జరుగుతుందంటే, హెల్త్ శాతం చెప్పేది బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందనే. అడిగిన క్షణాన ఎంత గట్టిగా ఇవ్వగలదన్నది వేరే లెక్క. బ్యాటరీ పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఊళ్ళో వోల్టేజీ సరిగా లేనప్పుడు బోరు మోటార్ వేయగానే ఇంట్లో లైట్లు మసకబారతాయి చూడండి, అదే ఫోన్‌లోనూ జరుగుతుంది: కెమెరా, ప్రాసెసర్, ఫ్లాష్ ఒకేసారి కరెంట్ లాగితే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, మరీ కిందికి పడితే ఫోన్ ఆగిపోతుంది. ఛార్జింగ్ తక్కువున్నప్పుడూ చలిలోనూ ఇది ఇంకా ఎక్కువ. షికాగోలోనో టొరంటోలోనో ఉండే మనవాళ్ళు డిసెంబర్‌లో 30 శాతం ఉండగానే ఫోన్ ఆగిపోయిందని చెప్పేది దీని గురించే. అలా ఆగిపోకుండా సాఫ్ట్‌వేర్ ముందే పగ్గాలు బిగిస్తుంది. యాప్ లేటుగా తెరుచుకోవడం, స్క్రోల్ చేస్తే ఆగి ఆగి కదలడం, స్క్రీన్ వెలుతురు తగ్గడం, స్పీకర్ సౌండ్ తగ్గడం, మరీ ముదిరితే ఫ్లాష్ ఆగిపోవడం, ఇవన్నీ ఆపిల్ తానే చెప్పిన లక్షణాలు.

మరి జనం అప్‌డేట్‌ను ఎందుకు తిడతారంటే దానికీ కారణం ఉంది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1తో ఐఫోన్ 6, 6 ఎస్, ఎస్ఈ ఫోన్లకు ఈ పగ్గాలు వేశారు, ఆ సంగతి వాడేవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఫోన్ స్పీడ్ కొలిచే గీక్‌బెంచ్ యాప్ తయారుచేసే సంస్థ స్కోర్లు పోల్చి చూపించాక విషయం బయటపడింది. ఆపిల్ క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్చే ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. మనం ఇప్పుడు చూస్తున్న బ్యాటరీ హెల్త్ పేజీ 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో వచ్చింది, అదీ ఆ గొడవ పుణ్యమే. చెప్పకుండా చేయడం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. అయినా ఈరోజు మీ ఫోన్ స్లో అయితే, చూసుకోవడానికి ఆ పేజీ మీ చేతిలోనే ఉంది కదా, దయచేసి చూడండి.

అక్కడ ఆ పగ్గాలు తీసేసే డిజేబుల్ బటన్ కూడా ఉంటుంది. నొక్కితే స్పీడ్ వస్తుంది, కానీ మళ్ళీ ఎక్కడో ఫోన్ ఆగిపోతుంది, ఆగగానే పగ్గాలు వాటంతటవే తిరిగొస్తాయి. రోడ్డు మీద క్యాబ్ కోసం చూస్తుండగా ఆగిపోతే ఏం చేస్తారు? బ్యాటరీ మార్చడమే పరిష్కారం.

ఇంకా లోతైన మోసం ఒకటుంది. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నారు, హెల్త్ 100 చూపిస్తోంది, అయినా స్లో. ఐఫోన్ బ్యాటరీ మీద చిన్న బోర్డు ఉంటుంది, శాతం లెక్క, ఎన్నిసార్లు ఛార్జ్ అయిందన్న లెక్క అందులోనే ఉంటాయి. కొందరు బయటి బ్యాటరీ వేసి పాత బోర్డు దానికి అతికిస్తారు, చిన్న మెషీన్‌తో ఆ లెక్కలు తిరగరాస్తారు. లోపలి బ్యాటరీ ఎలాంటిదైనా స్క్రీన్ మీద 100 కనిపిస్తుంది. కంప్యూటర్‌కు పెట్టి చదివినా అదే అబద్ధం కనిపిస్తుంది, ఎందుకంటే అదీ చదివేది ఆ బోర్డునే. నా స్నేహితుడు ఇలాంటి ఫోన్ కొని తెస్తే 100 చూసి నేను బ్యాటరీని వదిలేశాను, రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాను.

అప్పట్నుంచీ నేను అంకెను నమ్మను, బ్యాటరీ మీద పని భారం పెట్టి చూస్తాను. ఛార్జింగ్ 35 శాతం దగ్గరికి వచ్చాక, ఫ్యాన్ కింద చల్లగా కూర్చుని, కేబుల్ తీసేసి, స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచి, టార్చ్ వెలిగేలా పెట్టుకుని ఫోర్‌కేలో పది నిమిషాలు వీడియో తీయండి. మంచి బ్యాటరీ అయితే శాతం ఒక్కొక్కటిగా దిగుతుంది. 35 నుంచి 28కి, అక్కణ్నుంచి 19కి దూకినా, ఫోన్ ఆగిపోయి ఛార్జర్ పెట్టగానే మళ్ళీ 20 చూపించినా బ్యాటరీ పోయినట్టే. ఫోన్ చల్లబడాలని మెసేజ్ వస్తే మాత్రం ఆ పరీక్ష లెక్కలోకి తీసుకోకండి, చల్లారాక మళ్ళీ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇదే పరీక్ష. శాంసంగ్ అయితే మెంబర్స్ యాప్‌లో డయాగ్నొస్టిక్స్ కూడా ఉంటుంది, అది కూడా ఒకసారి చూడొచ్చు.

మార్పించేటప్పుడు చవకగా వస్తోందని పేరూ ఊరూ లేని బ్యాటరీ వేయించుకోకండి. ఐఫోన్ అయితే పని అయ్యాక అక్కడే నిలబడి సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, విడిభాగాల చరిత్రలో బ్యాటరీ గురించి ఏం రాసి ఉందో చదవండి. ఐఫోన్ ఎక్స్ఆర్, ఎక్స్ఎస్ నుంచి తర్వాతి వాటిలో ఇది కనిపిస్తుంది.

అప్‌డేట్ అయిన రోజు నుంచే ఛార్జింగ్ సగం రోజు కూడా ఆగట్లేదు, ఫోన్ గూగుల్ పిక్సెల్

ఇక్కడ మాత్రం అప్‌డేట్‌దే పని, అదీ కావాలని చేసింది. 2025 జనవరిలో పిక్సెల్ 4ఎకు వచ్చిన అప్‌డేట్ కొన్ని ఫోన్లలో బ్యాటరీ సామర్థ్యాన్నీ ఛార్జింగ్‌నూ తగ్గించేసింది. అదే ఏడాది జూలైలో పిక్సెల్ 6ఎకు వచ్చింది కొన్ని ఫోన్లలో 400 సార్లు ఛార్జ్ అయ్యాక అదే పని చేస్తుంది, వేడెక్కే ప్రమాదం తగ్గించడానికట. రీసెట్ చేసినా, పాత వెర్షన్‌కు వెళ్దామని తంటాలు పడినా మీ టైమే పోతుంది. గూగుల్ సపోర్ట్ పేజీలో ఐఎంఈఐ నంబర్ ఇచ్చి మీ ఫోన్‌కు ఇంకా ఏదైనా వర్తిస్తుందేమో చూసుకోండి, లేకపోతే బ్యాటరీ మార్పించుకోండి.

మిగతావి

సిగ్నల్ సరిగా లేని చోట 5జీ వెతుక్కుంటూ ఛార్జింగ్ తాగేస్తుంది, 4జీకి మార్చండి. బోర్డులో షార్ట్ ఉంటే పక్కన పెట్టినా వేడిగానే ఉంటుంది, అది బోర్డు పని తెలిసినవాళ్ళకు ఇవ్వాలి. వైరస్ అంటారు, చాలా అరుదు, ప్లే స్టోర్ కాకుండా బయటి నుంచి ఏపీకే ఫైల్‌తో యాప్ ఏదైనా వేసుకుని ఉంటే తీసేయండి.

స్క్రీన్ అంచు పైకి లేచినా, వెనక గ్లాస్ ఉబ్బినా పైన చెప్పిన పరీక్షలేవీ చేయకండి. ఫోన్ ఆఫ్ చేయండి, ఛార్జింగ్ పెట్టకండి, లేచిన చోట వేలితో నొక్కి అతికించే ప్రయత్నం అసలే వద్దు. మంచం మీదా సోఫా మీదా కాకుండా నాపరాయి మీదో సిమెంటు గట్టు మీదో పెట్టి, ఆ రోజే తీసుకెళ్ళి బ్యాటరీ తీయించేయండి.