ధనుర్మాసం నుంచి ఆరాధన దాకా: పాడేవాళ్ళ గొంతుకు జాగ్రత్తలు

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. అక్కడి నుంచి భోగి దాకా తెల్లవారుజామునే గుళ్ళో తిరుప్పావై, రోజుకో పాశురం. పండగకు కాస్త అటూఇటూగా పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన. త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారు వెళ్ళేవాళ్ళు కొందరే. మన ఊళ్ళలోనే సభలు, గుళ్ళు, ఈమధ్య అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా పెడుతున్న గోష్ఠిగానాల్లో, అంటే అందరూ కలిసి పాడే కార్యక్రమాల్లో, కూర్చునేవాళ్ళు చాలామంది. ఏడాదంతా వారానికి రెండు క్లాసులు మాత్రమే పాడిన పిల్లలు ఈ నెలన్నరలో రోజూ పాడతారు, ఒక్కోరోజు రెండు పూటలా పాడతారు. అదీ గాలి పొడిగా, చల్లగా ఉండే రోజుల్లో, ఇంటికొకరు రొంపతో ముక్కు చీదుతున్న రోజుల్లో.

గొంతు పోతే నెపం చలి మీదికి నెట్టేస్తాం. చలి పాత్ర కొంతే. అసలు గొడవ ఒక్కసారిగా పెరిగిన వాడకంతోనే. అందుకే జాగ్రత్తలు కషాయంతో కాదు, లెక్కతో మొదలుపెట్టమంటాను.

లెక్క ఇదీ. స్వరపేటికలో ఉండే రెండు స్వరతంతువులు ఆడవాళ్ళలో ఒకటిన్నర సెంటీమీటరుకు, మగవాళ్ళలో రెండు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటాయి. ఐదున్నర శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారంగా ‘స’ ఎక్కడ పెట్టుకోవాలన్నది) పాడే అమ్మాయి తారషడ్జం, అంటే పై ‘స’, పట్టుకుని నిలబడితే అవి సెకనుకు దాదాపు 415 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అరగంట సాధనలో ఊపిరి తీసుకోవడాలు, ఆగడాలు పోను నికరంగా పావుగంట గొంతు పలికిందనుకుందాం. సగటున సెకనుకు 300 వేసుకున్నా 2,70,000 సార్లు. ఇది మామూలు రోజు సంగతి. పైపొర తడిగా, మెత్తగా ఉన్నంతకాలం తంతువులు ఈ పని చేస్తూనే ఉంటాయి. కాస్త వాచాయంటే అంచులు సరిగ్గా కలవవు, గాలి వృథాగా పోతుంది, స్వరం నిలవదు. నిలవలేదని మనం ఇంకాస్త గట్టిగా తోస్తాం. దాంతో వాపు ఇంకాస్త పెరుగుతుంది.

కాబట్టి నవంబరు చివరికే సాధన సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ రావాలి. డిసెంబరు 15 దాకా వారానికి రెండు రోజులు పాడి, 16 తెల్లవారుజామున లేచి మైకు ముందు కూర్చోవడం వద్దు.

గొంతు వాచిందో లేదో ఇంట్లోనే తెలుసుకునే పరీక్ష ఒకటుంది. ఇది గట్టిగా పాడితే తెలియదు, చిన్నగా పాడితేనే తెలుస్తుంది. తారషడ్జం మీదో, ఇంకో రెండు స్వరాలు పైనో, పక్క గదిలో నిద్రపోతున్న పాపాయి లేవకూడదన్నంత మెల్లగా ‘ఆ’ అని అందుకోండి. ఆరోగ్యంగా ఉన్న గొంతు అనుకున్న క్షణానే పలుకుతుంది. వాచిన గొంతులో ముందు ‘హ్’ అని గాలి వస్తుంది, అర సెకను ఆగి అప్పుడు నాదం మొదలవుతుంది, అదీ అదురుతూ. గట్టిగా పాడితే మాత్రం అదే స్వరం బ్రహ్మాండంగా పలుకుతుంది, అక్కడే మోసపోతాం. సీజను మొదలయ్యే ముందు మీ మామూలు ఎలా ఉందో తెలుసుకుని, ఆ తర్వాత రోజూ ఒకే సమయానికి ఒక్కసారి చూసుకోండి. వరసగా రెండు రోజులు ఆ గాలి చప్పుడు వస్తే మూడోరోజు పాట మానేయడమే.

ఇక్కడ ఒక ముచ్చట. పాడుతున్నప్పుడు స్వరతంతువులు ఎలా కదులుతాయో కళ్ళారా చూసి వివరంగా రాసినవాడు వైద్యుడు కాదు, మనలాంటి పాట మాస్టారే. మాన్యువెల్ గార్సియా అనే స్పెయిన్ సంగీతజ్ఞుడు 1854లో చిన్న అద్దం గొంతు వెనక్కి పెట్టుకుని, ఎండను ఇంకో అద్దంతో నోట్లోకి మళ్ళించి, తన స్వరతంతువులను తనే చూసుకున్నాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ వివరాలు సమర్పించాడు. ‘శరీరశాస్త్రంతో మనకేం పని, గురుముఖతః వచ్చింది చాలు’ అనే సంగీతం మాస్టార్లకు ఈ మాట అప్పుడప్పుడూ గుర్తుచేయాలనిపిస్తుంది.

పొద్దున్నే పాడాల్సి వస్తే లేచిన వెంటనే పాడకండి. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల తంతువులు కాస్త ఉబ్బి, గొంతు కిందికి దిగి ఉంటుంది. మంద్ర పంచమం, అంటే కింది ‘ప’, మామూలు కంటే సులువుగా అందుతుంది, తారస్థాయి మొరాయిస్తుంది. మన పెద్దలు తెల్లవారుజామున మంద్రస్థాయి సాధన చెయ్యమన్నది ఎందుకోగానీ, ఈ స్థితికి సరిగ్గా సరిపోయే సలహా అది. గుళ్ళో ఐదింటికి పాడాలంటే నాలుగింటికైనా లేవండి. పది నిమిషాలు నోరు మూసుకుని ‘మ్’ అంటూ మధ్యషడ్జం నుంచి మంద్ర పంచమం దాకా నింపాదిగా దిగి ఎక్కండి. ఆ తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, నిదానంగా మొదటి కాలంలోనే.

స్ట్రా పద్ధతి ఇంకా మంచిది. గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి, స్ట్రా కొస రెండు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, పెదాలు బిగించి ‘ఊ’ అంటూ స్ట్రాలోకి పాడాలి. బుడగలు వరసగా, సన్నగా, ఒకే తీరున వస్తుంటే ఊపిరి సమంగా ఉన్నట్టు. భళ్ళున లేచి నీళ్ళు చిందితే ఎక్కువ తోస్తున్నారు. బుడగలు వచ్చి, నాదం రాకపోతే తంతువులు ఇంకా కలవలేదన్నమాట. స్ట్రా దగ్గర వచ్చే ఎదురు ఒత్తిడి వల్ల తంతువులు గట్టిగా కొట్టుకోకుండానే కదలడం అలవాటవుతుంది. మూడు నాలుగు నిమిషాలు చాలు. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది కనక చెప్పిన వెంటనే చేస్తారు. పెద్దవాళ్ళే సిగ్గుపడతారు.

నీళ్ళ విషయం. తాగిన నీళ్ళు స్వరతంతువుల మీద పడవు. పడితే పొలమారుతుంది. నీరు కడుపులోకి వెళ్ళి, రక్తంలో కలిసి, అక్కడి నుంచి ఆ పొరకు చేరాలి, దానికి టైము పడుతుంది. వేదిక ఎక్కేముందు గటగటా తాగే సీసా నోరు తడుపుతుందంతే. ముందురోజు నుంచే తాగుతూ ఉండాలి. గుళ్ళో బాత్రూము సరిగ్గా ఉండదని ఆడపిల్లలు తెల్లవారుజామున నీళ్ళు మానేస్తారు. నిర్వాహకులతో ముందే మాట్లాడి ఆ ఏర్పాటు చూడటం టీచరు బాధ్యత.

తంతువులకు నేరుగా తగిలేది ఆవిరి. అయితే మరిగే గిన్నె ముందు పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం, అందులోనూ చిన్నపిల్లల్ని కూర్చోబెట్టడం చెయ్యకండి. గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలున్నారు. ఆవిరి యంత్రం వాడండి, లేదా వేడినీళ్ళ స్నానం చేస్తూ బాత్రూము తలుపు వేసుకుని పది నిమిషాలు ఉండండి. నీళ్ళలో బామ్ వెయ్యకండి, ఘాటు అప్పటికి హాయిగా ఉన్నా మంట పుట్టిస్తుంది.

మిరియాల కషాయం, శొంఠి, పటికబెల్లం, బుగ్గన పెట్టుకునే కరక్కాయ ముక్క, ఇవేవీ తంతువుల దాకా వెళ్ళవు. లాలాజలం ఊరి గొంతు గోడలకు హాయిగా ఉంటుంది, దగ్గు తగ్గుతుంది. ఆ మేరకు మంచివే. అతిమధురం మాత్రం బీపీ ఉన్నవాళ్ళు రోజూ చప్పరించకూడదు. మెంథాల్ బిళ్ళలతో చిక్కేమిటంటే నొప్పి తెలియకుండా పోతుంది, తెలియక ఇంకా పాడేస్తాం. పెరుగు, దద్ధోజనం గురించి పెద్దలు బెదిరించినంత లేదు. పెరుగు తిన్నాక కఫం అడ్డుపడినట్టు అనిపించేవాళ్ళు పాట అయ్యాక ప్రసాదం తినొచ్చు. నిజంగా జాగ్రత్తపడాల్సింది రాత్రి భోజనంతో. తొమ్మిదిన్నరకు పులిహోర, బజ్జీలు తిని, నాలుగింటికి లేవాలని పదింటికే పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది, పొద్దున గొంతు జీరగా ఉంటుంది. నిద్రకూ తిండికీ మధ్య మూడు గంటలు ఉండేట్టు చూసుకోండి. ఆ జీరకు మళ్ళీ మళ్ళీ గొంతు సవరించుకోవడం ఇంకో చెడ్డ అలవాటు, తంతువుల్ని ఒకదానికేసి ఒకటి బాదడమే అది. ఒక గుక్క నీళ్ళు మింగండి. సాంబ్రాణికీ, భోగిమంట పొగకూ దూరంగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక గోష్ఠిగానం. ఈ సీజనులో అన్నిటికంటే ఎక్కువ గొంతులు పోయేది దీనివల్లే అనుకుంటాను. త్యాగరాజ పంచరత్న కీర్తనలు ఐదూ పూర్తిగా పాడితే దాదాపు గంట. చుట్టూ వందమంది, ముందు నాలుగు మైకులు, పక్కన మృదంగాలు, మన గొంతు మనకే వినపడదు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో దీని గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ పేరుతోనే ఈ లక్షణాన్ని పిలుస్తారు. ‘గట్టిగా పాడకండి’ అని చెప్తే సరిపోదు, ఎందుకంటే గట్టిగా పాడుతున్నామని పాడేవాళ్ళకు తెలియదు. ఒక అరచేతిని చెవి వెనక దోసిలిలా పెట్టుకుంటే మన స్వరం మనకు చేరుతుంది, లేదా ఒక చెవి వేలితో మూసుకోండి. తంబూరాకో, ముందు పాడే పెద్దవాళ్ళకో దగ్గరగా కూర్చోండి, స్పీకరు ముందు వద్దు. మైకు పెట్టే అబ్బాయిని అడిగి, స్పీకర్లలో ఒకటి గాయకుల వైపు చిన్నగా తిప్పించుకుంటే ఇంకా నయం.

రెండో చిక్కు శ్రుతి. అందరికీ కలిపి ఒకే శ్రుతి పెడతారు. మగవాళ్ళకు కుదిరింది ఆడవాళ్ళకు కుదరదు. ఐదు శ్రుతి పెట్టారంటే మగవాళ్ళకు పైస్థాయి మరీ పైన, కిందిస్థాయి మరీ లోతు. ఒకటి శ్రుతి పెడితే ఆడపిల్లలు తారస్థాయి సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల) దగ్గర గడ్డం పైకెత్తి, మెడ నరాలు తేలేలా లాగుతారు. రిహార్సలులో పిల్లల మెడలు చూస్తే చాలు, ఎవరికి శ్రుతి కుదరలేదో తెలిసిపోతుంది. ఆ పిల్లలకు ముందే చెప్పండి: అందని సంగతి దగ్గర పాడటం ఆపి తాళం వెయ్యమని. గోష్ఠిలో ఒక్క గొంతు ఆగితే ఎవరికీ తెలియదు.

పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మగపిల్లల సంగతి వేరుగా చూడాలి. స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగే వయసది. పోయిన ఆరాధనలో ఐదు శ్రుతిలో గణగణలాడిన పిల్లవాణ్ణి ఈసారీ అక్కడే పాడమంటే గొంతు కీచుమంటుంది, నలుగురిలో నవ్వులపాలవుతాడు, సంగీతమే మానేస్తాడు. కొత్త శ్రుతి వెతకండి, నెలనెలా మారుతుంటే మార్చండి, హాయిగా పలికే ఐదారు స్వరాల్లోనే పాడించండి. ఈ ఏడాదికి వేదిక మీద తాళమో తంబూరానో అప్పగించండి.

టీచర్లూ, మీ గొంతు ముందు. సాయంత్రం నాలుగు బ్యాచ్‌లకు, ప్రతి పిల్లతోనూ కలిసి పాడుతూ, మధ్యలో ‘తాళం తప్పుతోంది’ అని అరుస్తూ, ఆరాధన సీజనుకు అదనపు బ్యాచ్ ఒప్పుకునేది మీరే. పైగా ఆడపిల్లల శ్రుతిలో పాడి చూపించే మగ టీచర్ల అవస్థ ఇంకా ఎక్కువ. ఒకసారి పాడి చూపించండి, తర్వాత వాళ్ళనే పాడనివ్వండి. కలిసి పాడొద్దు. ఎలాగూ మీ గొంతు కింద వాళ్ళ అపస్వరం దాక్కుంటుంది. అరవడానికి బదులు చప్పట్లు కొట్టండి. నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, చెవి దగ్గర మైకు ఉన్నవి బడి టీచర్లు వాడుతున్నారు, సంగీతం టీచర్లకు మొహమాటం ఎందుకో అర్థం కాదు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య పది నిమిషాలు మాటల్లేకుండా ఉండండి, ఫోను కూడా ఎత్తకండి.

జలుబు చేసింది, రేపే కార్యక్రమం. అప్పుడేం చెయ్యాలి? ముక్కు కారడం వరకే ఉండి, మాట్లాడే గొంతు శుభ్రంగా ఉంటే తక్కువ మోతాదులో పాడొచ్చు. మాటే బొంగురుపోతే పాడకూడదు. ‘ఇవాళొక్కరోజు’ అన్న మాట మీద పాడి నెలలు బాధపడినవాళ్ళున్నారు. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోకండి, చాలామందికి గుసగుసలోనే గొంతు బిగుస్తుంది. మెల్లగా, తక్కువగా, మామూలు గొంతుతో మాట్లాడండి. జలుబు మాత్రల్లో చాలావాటికి పొరలు ఎండిపోతాయి. ఒళ్ళునొప్పులకు ఆస్పిరిన్ వేసుకుని గట్టిగా పాడితే తంతువుల్లోని సన్నటి రక్తనాళం చిట్లి రక్తం చేరే ప్రమాదం ఉంది. గుండె జబ్బుకు డాక్టరు రాసినది అయితే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, పాటే తగ్గించండి.

పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి గొంతు పూర్తిగా పోతే, నొప్పి లేకపోయినా సరే, అక్కడికక్కడే ఆపాలి. చరణం పూర్తి చెయ్యాలనుకోవద్దు. మాటలు కూడా మానేసి, ఆ రోజో మర్నాడో చెవి ముక్కు గొంతు డాక్టరును కలవాలి. జలుబు తగ్గాక కూడా మూడు వారాలు బొంగురు వదలకపోతే అప్పుడూ అంతే. టార్చిలైటు వేసి ‘ఆ’ అనమంటే స్వరతంతువులు కనపడవు. ఎండోస్కోపీ చెయ్యాలి, వీలుంటే కదలికను నింపాదిగా చూపించే స్ట్రోబోస్కోపీ. పాడతారని, వారంలో ఎన్ని గంటలు పాడతారో, ఏ శ్రుతో చెప్పండి. తంతువుల మీద బుడిపెలు ఉన్నాయన్నా కంగారుపడకండి. చాలావాటికి కత్తి అక్కర్లేదు, విశ్రాంతి, కొన్ని నెలల స్పీచ్ థెరపీ చాలు. మొదటి రోజే ఆపరేషన్ అన్న మాట వస్తే ఇంకో డాక్టరును కూడా అడిగి చూడండి.