క్యాజువల్‌గా కలుద్దాం అన్నారా? అదీ ఒక రౌండే

ఉద్యోగ ఇంటర్వ్యూలో టెక్నికల్ రౌండ్లు అయ్యాక హెచ్ఆర్ నుంచి మెసేజ్ వస్తుంది: "మేనేజర్ గారు మిమ్మల్ని ఒకసారి క్యాజువల్‌గా కలుస్తారట, మాదాపూర్‌లో లంచ్‌కి రాగలరా?" ఇలాంటి లంచ్‌లలో నేను కూర్చునేది మేనేజర్ పక్కన. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి మనుషుల్ని తీసుకోవడం నా పనిలో భాగం. అటువైపు నుంచి ఏం కనిపిస్తుందో చెబుతాను.

ముందు ఎందుకు పిలిచారో ఊహించండి. ఆఫర్ రాకముందైతే, మీతో రోజూ కలిసి పనిచేయగలమా అని చూడటానికి. ఆఫర్ ఇచ్చాక, నోటీస్ పీరియడ్‌లో పిలిచారంటే మాత్రం భయం మాది. 90 రోజుల నోటీసులో మా ఆఫర్ చూపించి ఇంకోచోట ఎక్కువ అడిగి, జాయినింగ్ రోజు ఫోన్ ఎత్తనివాళ్లు మాకు కొత్త కాదు. అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది, మీ ప్రశ్నలన్నీ పట్టుకుని రండి. ఎవరెవరు వస్తున్నారు, ఎంతసేపు ఉంటుంది అని హెచ్ఆర్‌ని ముందే అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

తిండి గురించి టెన్షన్ పడకండి. శనివారం నాన్‌వెజ్ తినకపోతే తిననని చెప్పేయండి. బిర్యానీ చేత్తో తిన్నారా, స్పూన్‌తోనా అన్నది నాకు పట్టదు. నీళ్లు పోసే అబ్బాయితో ఎలా మాట్లాడారో చూస్తాను. తెలుగు రానివాళ్లు ఒక్కరున్నా మాట ఇంగ్లిష్‌లోకి మారుస్తారా, లేక వాళ్లని వదిలేసి మనలో మనం నవ్వుకుంటామా అన్నదీ చూస్తాను. బిల్లు పిలిచినవాళ్లే కడతారు, పెనుగులాడొద్దు. సాయంత్రం గచ్చిబౌలిలో పబ్ అన్నారనుకోండి, తాగకపోతే "నాకొద్దండీ" చాలు, యాంటీబయాటిక్ కథలు వద్దు. తాగేవాళ్లు ఒక్క గ్లాసు దగ్గర ఆపేయండి.

అసలు చిక్కు సొంత విషయాల దగ్గర. "మీదే ఊరు?" అన్నది చాలాసార్లు మామూలు పలకరింపే. కానీ గుంటూరు అనగానే గుంటూరులో ఎక్కడ, ఇంటిపేరేంటి అని తవ్వుతూ పోతే అది ఎటు పోతోందో మనకు తెలియనిది కాదు. "చిలకలూరిపేట దగ్గరండీ, చదువంతా ఇక్కడే. మీ టీమ్ అంతా హైదరాబాదేనా, బెంగళూరులో కూడా ఉన్నారా?" అని మాట పనివైపు తిప్పేయండి. కోపం చూపించక్కర్లేదు, వంశవృక్షం విప్పక్కర్లేదు.

అమ్మాయిలకు వచ్చే ప్రశ్న "పెళ్లెప్పుడు?" ప్రసూతి సెలవు 2017 సవరణతో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఈఎస్ఐ (తక్కువ జీతాల ఉద్యోగులకుండే ప్రభుత్వ బీమా) వర్తించని ఉద్యోగులకు ఆ జీతం కంపెనీయే ఇవ్వాలి. కొందరు మనసులో వేసుకునే లెక్క అదే. అడగకూడని ప్రశ్న, అయినా అడుగుతారు. "పనికి దాంతో ఇబ్బందేం ఉండదండీ" అని, వెంటనే ప్రాజెక్ట్ గురించి అడగండి. రెండోసారి కూడా అదే అడిగితే ఆ టీమ్ సంగతి మీకు అర్థమైపోయినట్టే.

ఇంటర్వ్యూ గదిలో అడగలేనివి అడగడానికి ఇదే చోటు. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది? అమెరికా క్లయింట్ కాల్స్ రాత్రి ఎన్నింటిదాకా సాగుతాయి? వారంలో ఆఫీసుకి ఎన్ని రోజులు? మేనేజర్‌ని కాదు, పక్కన కూర్చున్న జూనియర్‌ని అడగండి. జవాబు చెప్పేముందు అతను మేనేజర్ మొహం చూశాడంటే అదే మీ జవాబు.

ఇప్పటి కంపెనీ క్లయింట్ల పేర్లు, అక్కడి బాస్ మీద చాడీలు నోట్లోంచి రానివ్వకండి. ఇక్కడ చెప్పినవాళ్లు రేపు మా గురించి ఇంకోచోట చెప్తారనే మేం అనుకుంటాం. ప్యాకేజీ మాట వస్తే "హెచ్ఆర్‌తో మాట్లాడుతున్నానండీ" అని వదిలేయండి.

మర్నాడు రెండు లైన్ల మెసేజ్ పెట్టండి. థాంక్స్ ఒక లైను. భోజనాల దగ్గర మేనేజర్ ఉత్సాహంలో ఏదైనా మాటిచ్చి ఉంటే రెండో లైను దానికి, హెచ్ఆర్‌ని కూడా కలిపి మెయిల్‌లో: "ఆరు నెలల్లో జీతం రివ్యూ చేస్తామన్నారు కదా, అది ఆఫర్ లెటర్‌లో కూడా చేరుస్తారా?"