అతుకుల బొంత – 4వ పాఠం: ముదురు, లేత తేల్చుకోవడం

పోయిన పాఠంలో తొమ్మిది ముక్కల గడి (వరసకు మూడు చొప్పున మూడు వరసలు కుట్టిన చదరం) చాలామందికి కుదిరింది గానీ నమూనా కనపడలేదు. కారణం కుట్టు కాదు, విప్పకండి. కుంకుమ ఎరుపు ఐదు, ఆకుపచ్చ నాలుగు పెట్టారు. చేతిలో ఉన్నప్పుడు రెండూ కొట్టొచ్చినట్టు వేరుగా ఉంటాయి. గోడకు తగిలించి పది అడుగులు వెనక్కి జరిగితే ఒకే ముద్ద, ఎందుకంటే రెండింటి ముదురూ ఒకటే. బొంతలో నమూనాను చూపేది రంగు కాదు, ముదురు లేతల తేడా. కుట్టేసిన గడుల మధ్య 8 అంగుళాల గంధం రంగు సాదా ముక్కలు ఒకటి విడిచి ఒకటి వేయండి, చదరంగం బల్లలా తేలుతుంది.

కొలతలు అవే: కోసేటప్పుడు ముక్క 3 అంగుళాలు, అందులో కుట్టుకు ప్రతి వైపూ పావు అంగుళం.

గుడ్డల్ని మూడు కుప్పలు చేయండి. గంధం, ఉల్లిపొర, వెలిసిన పంచె లేత. వంగపండు, నెమలికంఠం, నేవీ బ్లూ ముదురు. మెంతి, కనకాంబరం నడిమివి. వంగపండు పక్కన లేతగా, తెలుపు పక్కన ముదురుగా నడుస్తాయి కాబట్టి మొదటి బొంతలో వాటిని అంచుకే ఉంచండి. ఎరుపు కంటికి ఎగిరి కనిపిస్తుందని లేత కుప్పలో వేస్తారు. అది అక్కడిది కాదు.

అనుమానమొస్తే ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయమన్నాను. దాన్నే ఎక్కువమంది చెడగొట్టుకున్నారు. ఒక్కో ముక్కకు ఒక్కో ఫోటో తీస్తే పనికిరాదు. ఫోను ప్రతిసారీ వెలుతురును తనే సర్దుకుంటుంది. నల్లగుడ్డను లేతగా, తెల్లగుడ్డను మసకగా చూపిస్తుంది, చివరికి రెండూ బూడిద రంగే. ముక్కలన్నీ ఒకే చాప మీద, పక్కన ఒక తెల్ల కాగితం, ఒక నల్లగుడ్డ పెట్టి, అన్నీ కలిపి ఒకే ఫోటో తీయండి. పగలు, వరండా నీడలో తీయాలి. ఎండ సగం ముక్కల మీదే పడితే మళ్లీ తీయండి.

పెద్ద పూల గుడ్డను కోయకముందు మొత్తంగా చూసి ముదురో లేతో తేల్చకండి. 3 అంగుళాలకు కోస్తే ఒక ముక్కలో పువ్వు, ఇంకో దాంట్లో పువ్వు లేని ఉత్త నేల రంగు. కోశాకే కుప్పలో వేయండి.

ధర్మవరం పట్టు ముక్కల్లో పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఒక రంగు ఉన్నవి అడ్డం తిప్పితే ముదురు మారిపోతుంది. వెనక సుద్దతో పడుగు వైపు బాణం గీసి, అన్నీ ఒకే దిక్కున కుట్టండి. నా మట్టుకు రాయదుర్గం జీన్స్ ముక్కలే మేలు: పైవైపు ముదురు, లోపలివైపు లేత, ఒకే గుడ్డలో రెండూ దొరుకుతాయి. దళసరి గనక నూలు చీర ముక్కలతో కలపకండి, కుట్టు దగ్గర లాగేస్తుంది.

అభ్యాసం: రెండు గడులు. ఒకటి మొత్తం నీలాలే, ముదురు ఐదు, లేత నాలుగు. రెండోదానికి తొమ్మిది ముక్కలూ తొమ్మిది రంగులు, ముదురు లేతల లెక్క అదే. కుట్టకముందు గుండుసూదులతో దుప్పటికి గుచ్చి పది అడుగుల నుంచి చూడండి. రెండింట్లోనూ నమూనా ఒకేలా కనపడేదాకా ముక్కలు మారుస్తూనే ఉండండి, ఆ తర్వాతే మిషను ఎక్కించండి.