జాంగో 2.2 సైటు: వదిలేయాలా, అప్‌గ్రేడ్ చేయాలా?

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆర్డర్ల సైటు జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) 2.2 మీదే నడుస్తోంది. ఆ వెర్షన్‌కి సెక్యూరిటీ ప్యాచులు 2022 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. జాంగోని వదిలేసి లారావెల్‌కి (పీహెచ్‌పీలో అలాంటిదే మరో ఫ్రేమ్‌వర్క్) మారితే మోడళ్లు (డేటా నిర్మాణం), టెంప్లేట్లు (పేజీల రూపం), రోజూ వాడే అడ్మిన్ పేజీలు అన్నీ మొదట్నుంచి రాసుకోవాలి. పాతబడింది వెర్షనే కాబట్టి అప్‌గ్రేడే సరైనదని తేల్చాం.

ఒక్కసారే 4.2కి దూకకండి. ముందు 3.2కి వచ్చి, హెచ్చరికలు కనిపించేలా పైథాన్‌కి 'మైనస్ డబ్ల్యూ డి' ఇచ్చి టెస్టులు నడపండి. 4.0లో తీసేసినవి బయటపడతాయి: పేజీల అడ్రసులకి పాత యూఆర్‌ఎల్ ఫంక్షన్ బదులు రీ-పాత్, అనువాదాలకి యూగెట్‌టెక్స్ట్ బదులు గెట్‌టెక్స్ట్ వాడాలి.

టెస్టులన్నీ పాసైనా 4.2లో లాగిన్ ఫారం 403 (అనుమతి లేదు) ఎర్రర్ ఇచ్చింది. టెస్టులు వాడే జాంగో టెస్ట్ క్లయింట్ మామూలుగా సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైటు నుంచి దొంగ రిక్వెస్టు రాకుండా చేసే తనిఖీ) చూడదు, అందుకే ముందే దొరకలేదు. 4.0 నుంచి జాంగో ఈ తనిఖీలో ఆరిజిన్ హెడర్‌ని (రిక్వెస్టు ఏ సైటు నుంచి వచ్చిందో బ్రౌజర్ చెప్పేది) కూడా సరిపోలుస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ (ముందుండి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్) వెనకున్న జాంగోకి రిక్వెస్టు హెచ్‌టీటీపీగా కనిపించింది, అందుకే హెచ్‌టీటీపీఎస్ ఆరిజిన్‌తో సరిపోలలేదు. జాంగో సెట్టింగ్స్‌లోని సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో 'హెచ్‌టీటీపీఎస్://' తో సహా డొమైన్ పెట్టగానే లాగిన్ అయింది.