పాత కథ మీద అల్లిన కొత్త ప్రేమకథను ఆడియోబుక్‌లో ఎలా వినాలి?

ఫోన్, ఇయర్‌ఫోన్స్ చాలు. అమెరికాలో ఉన్నవాళ్లయితే మీ ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో ఉచితంగా వినొచ్చు. కొనేవాళ్లు ముందు శాంపిల్ వినండి. గొంతు నచ్చకపోతే ఎంత పేరున్న పుస్తకమైనా వద్దు, గంటల తరబడి ఆ గొంతుతోనే గడపాలి.

తర్వాత పాత కథ చదవండి. ఇది తప్పనిసరి. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’నే తీసుకుందాం. సినిమా చూశాం కదా అంటారు చాలామంది. అది చాలదు. ఫ్రెంచ్ రచయిత్రి విల్నెవ్ 1740లో రాసిన పెద్ద కథను మరో రచయిత్రి బోమాంట్ 1756లో బాగా కుదించి రాసింది. ఆ చిన్నది చదవండి, ఒక్క పూటలో అయిపోతుంది. అందులో మృగం రూపంలో ఉన్న బీస్ట్, తన కోటలో ఉంటున్న బ్యూటీని రోజూ రాత్రి ‘నన్ను పెళ్లి చేసుకుంటావా?’ అని అడుగుతాడు, ఆమె కాదంటుంది. కొత్త కథలో అతను ఏ కంపెనీ ఓనరో, యాక్సిడెంట్ తర్వాత గడప దాటనివాడో అయ్యుంటాడు. ఆ ప్రశ్న అక్కడ ఏ రూపంలో వస్తుందో కనిపెట్టడంలోనే సగం ఆనందం ఉంది.

ఇక అందరూ పాడుచేసుకునే చోటు. పాత కథలో బ్యూటీ వారంలో వస్తానని బీస్ట్‌కి మాటిచ్చి నాన్న దగ్గరికి వెళ్తుంది. అక్కలు దొంగ ప్రేమ చూపించి ఆపేస్తారు. అతను కనిపించక ఆమెకి అప్పటికే బెంగగా ఉంటుంది, పదో రాత్రి కలలో అతను చావుబతుకుల్లో కనిపించాక తిరిగి వెళ్తుంది. కొత్త కథల్లో ఈ ఎడబాటు సాధారణంగా ముప్పావు వంతు అయ్యాక వస్తుంది. ‘ఎలాగూ కలుస్తారులే’ అని సరిగ్గా అక్కడే స్పీడ్ పెంచేస్తారు. చివరికి ‘అతన్ని ఎందుకు ప్రేమించిందో అర్థం కాలేదు’ అని కథను తిడతారు. అర్థమయ్యే చోటు పరిగెత్తించేశాక ఇంకెక్కడ అర్థమవుతుంది?

స్పీడ్‌ని 1x దగ్గరే, అంటే మామూలు వేగంలోనే ఉంచండి. నిశ్శబ్దాలను కత్తిరించే ఆప్షన్ ఉంటే ఆపేయండి. ‘బాగున్నావా?’ అని అతను ఫోన్లో అడిగితే ఆమె జవాబు చెప్పడానికి తడబడే క్షణాలు నెరేటర్ గొంతులోనే ఉంటాయి. హీరోకి, హీరోయిన్‌కి వేరువేరు గొంతులున్న పుస్తకమైతే మరీ మంచిది. ఈ భాగంలో ఒక్కోసారి వరుసగా ఆమె అధ్యాయాలే వస్తాయి. అతని గొంతు వినపడక మనకీ బెంగగా ఉంటుంది. పుస్తకం చేత్తో పట్టుకుని చదివితే ఈ బెంగ ఇంతగా తెలియదు, అందుకే ఇలాంటి కథలు వినాలంటాను.

మిక్సీ మోతలో, ట్రాఫిక్‌లో ఈ భాగం వద్దు. రాత్రి లైటు ఆర్పేసి, ఆమె తిరిగొచ్చేదాకా ఒకే విడతలో వినండి. నిద్రొస్తుంటే ఆ రోజుకి మొదలుపెట్టకండి. మధ్యలో కునుకు పడితే ముప్పై సెకన్ల చొప్పున వెనక్కి జరుపుతూ వెతక్కండి, ఆమె బయల్దేరిన అధ్యాయం నుంచి మళ్లీ వినండి.

ఎపిలాగ్, అంటే కథ ముగిశాక వచ్చే చివరి ముక్క, ఉంటే మర్నాటికి ఉంచుకోండి. అది వంట చేస్తూ విన్నా నష్టం లేదు.